మధుమేహము గల యువజనుల దినచర్య – పంచాయతీలు చేయదగిన సాయము

నంద్యాల జిల్లా సంజామల ప్రాంతపు నల్లరేగడి భూములలో అక్టోబరు, నవంబరు నెలలలో విత్తిన శనగ జనవరి, ఫిబ్రవరి నెలలకు కోతకు వచ్చును. ఎండ ముదిరినచో కాయ రాలిపోవును గనుక మంచు ఆరకముందే కోతకు దిగుట మన రైతుల అలవాటు. అట్లు తెల్లవారుజామున పొలమునకు బయలుదేరిన కూలీలలో ఇరువది రెండేండ్ల యువకుడొకడు ఉన్నాడనుకొందము. అతనికి చిన్ననాటినుండి మధుమేహము కలదు. ఇంటివద్ద ఇన్సులిన్ సూది వేసికొని, సద్దిమూట చేతబట్టుకొని వచ్చినాడు. సాలు ముగియువరకు ఎవరును సద్దికి లేవరు. తానొక్కడే లేచి తినుటకు అతనికి సిగ్గు. ఎండ పొడుచుకొని వచ్చువేళకు ఒడలెల్ల చెమట పట్టి, చేతులు వణకి, మాట తడబడి కూలబడినాడు. చుట్టునున్నవారిలో కొందరు రాత్రి తాగివచ్చినాడనిరి; మరికొందరు గాలి సోకినదనిరి.

నిజమునకు అతని రక్తములో చక్కెర పడిపోయినది. తెలివియుండగానే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగించినచో సాధారణముగా పావుగంటలో తేరుకొనును. ఎవరును గుర్తింపనిచో స్మృతి తప్పును. ప్రాణమునకే ముప్పు రావచ్చును.

ఇట్టి సందర్భమున వైద్యుడు వ్రాసిన మందు తప్పు కాదు. యువకుడు మందు మానినవాడును కాడు. మందు వేళకు, పని వేళకు, భోజన వేళకు పొందిక కుదరకపోవుటయే జరిగిన లోపము. వ్యాధిగ్రస్తుని దినచర్యలో ఈ పొందికను కుదుర్చు వైద్యశాస్త్ర శాఖయొకటి కలదు. దానికి ఆక్యుపేషనల్ థెరపీ యని పేరు. ఆ చికిత్స యెట్టిదో, మధుమేహము గల యువతీయువకులకు అది యెట్లు తోడ్పడునో, అందులో గ్రామ పంచాయతీ వంతు ఎంతయో తెలుపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

వ్యాధి స్వరూపము

కర్నూలు–కడప కాలువ క్రింద సేద్యము చేయు నంద్యాల, ఆళ్లగడ్డ రైతులకు ఈ వ్యాధిని బోధించుట కష్టము కాదు. మనము తిన్న అన్నము, రొట్టె, సంగటి చక్కెరగా మారి రక్తములో ప్రవహించును. రక్తము కాలువ, శరీరములోని కణములు మళ్లు. కాలువ నిండుగా పారినంత మాత్రమున మడి తడవదు. తూము తలుపు ఎత్తవలెను. ఆ తలుపునెత్తు పని ఇన్సులిన్ చేయును. ఇది కడుపులోని క్లోమగ్రంథిలో పుట్టు రసము.

మొదటి రకము మధుమేహములో ఈ రసము దాదాపు పూర్తిగా ఆగిపోవును. ఇది సాధారణముగా బాల్యమునను, యౌవనమునను బయటపడును. తిండి తప్పుచేతగాని, తల్లిదండ్రుల దోషముచేతగాని ఇది వచ్చునది కాదు. బయటినుండి ఇన్సులిన్ ఇచ్చుట తప్ప దీనికి వేరు ఆధారము లేదు. రెండవ రకములో రసము పుట్టుచున్నను తలుపు తుప్పు పట్టినట్లు సులభముగా లేవదు. ఇది పెద్దల జబ్బని అందరును తలంచుచుండిరి గాని నేడు ఇరువది, ముప్పది యేండ్లవారిలోను కనబడుచున్నది.

తలుపు లేవనిచో కాలువ పొంగును, మడి ఎండును. అతిదాహము, పదేపదే మూత్రమునకు పోవుట, తినుచున్నను చిక్కిపోవుట ఇందువలననే. తలుపునెత్తి కాలువకు నీరు విడువనిచో కాలువయే ఎండును. ఇన్సులిన్ వేసికొని అన్నము తినక ఎండలో కష్టపడినవానికి జరుగునది ఇదియే. కావున ఈ వ్యాధిలో ఎక్కువయు ప్రమాదమే, తక్కువయు ప్రమాదమే. రెంటి నడుమ నడచుట రోగి ప్రతిదినము, ప్రతిపూట చేయవలసిన పని.

కెనడా దేశపు టొరంటో నగరములో 1921లో బాంటింగ్, బెస్ట్ అనువారు ఇన్సులిన్‌ను వేరుచేసిరి. 1922 జనవరిలో పదునాలుగేండ్ల బాలునికి దానిని తొలిసారి ఇచ్చిరి. అంతకుముందు మొదటి రకము మధుమేహము వచ్చిన బాలలు కొలది కాలములోనే మరణించుచుండిరి. నేడు అట్టివారు చదువుకొని, పెండ్లాడి, బిడ్డలను కని, వృద్ధులై జీవింపగలరు. ప్రాణము నిలుపు మందు నూరేండ్లకు పూర్వమే లభించినది. ఆ మందుతో బ్రదుకు సాగించుట యెట్లన్నదే నేటి ప్రశ్న.

యువజనులు ఏల జారిపోవుదురు?

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన దేశవ్యాప్త పరిశీలన ఫలితములు 2023లో ప్రకటింపబడినవి. వాని ప్రకారము మన దేశములో 10 కోట్ల 10 లక్షలమందికి మధుమేహము కలదు. ఇంతమందిని కనిపెట్టుటకై ఆశా కార్యకర్తలు ఇంటింటికి పోయి వివరములు వ్రాయుచున్నారు. అయితే ఈ జాతీయ కార్యక్రమములో సామూహిక పరీక్షలు ముప్పదియేండ్లు, ఆపైబడినవారికి ఉద్దేశింపబడినవి. ఇరువదియేండ్లవాడు ఆ లెక్కలో రాడు. చిన్ననాడు వానిని తీసికొనిపోయి చూపించిన పిల్లల వైద్యునికడకు ఇక పోలేడు. పెద్దల వైద్యుని చీటీ వరుసలో నిలుచుటకు మనసొప్పదు. ఈ సందులో అనేకులు జారిపోవుచున్నారు.

అదే వయస్సున జీవితములో మార్పులన్నియు ఒక్కుమ్మడి వచ్చును. కళాశాల చదువునకో, కూలికో, నాపరాళ్ల గనికో, దూర నగరమునకో పోవలసివచ్చును. అమ్మ వేళకు అన్నము పెట్టి, సూది గుర్తుచేయు రోజులు పోవును. పెండ్లి మాటలు మొదలగును. వ్యాధి సంగతి బయటపడునను భయముతో సూదిని దాచుట, పిమ్మట మానుట జరుగును. ఆడపిల్లల విషయమున ఈ భయము మరింత హెచ్చు. వేరు మందుతో కుదురునని ఎవరో చెప్పగా ఇన్సులిన్ మానినవారును కలరు. మొదటి రకము వ్యాధిలో ఇన్సులిన్ మానినచో కొలది దినములలోనే వాంతులు, కడుపునొప్పి, ఆయాసము కలిగి ప్రాణాపాయ స్థితి వచ్చును. ఈ మాట పంచాయతీ సభ్యులందరును గుర్తుంచుకొనవలెను.

ఆక్యుపేషనల్ థెరపీ అనగానేమి?

ఇచ్చట ‘ఆక్యుపేషన్’ అనగా కూలి తెచ్చెడి వృత్తి మాత్రమే కాదు. మనిషి నిద్రలేచినది మొదలు పండుకొనువరకు చేయు ప్రతి పనియు ఇందులో చేరును. స్నానము, వంట, చదువు, సేద్యము, బిడ్డల పెంపకము, స్నేహితులతో కాలక్షేపము అన్నియు పనులే. వ్యాధిచేతగాని, అంగవైకల్యముచేతగాని ఈ పనులు చెడినప్పుడు వానిని తిరిగి చేయగలుగునట్లు మనిషిని, పనిముట్టును, పరిసరమును సరిదిద్దుటయే ఈ చికిత్స.

మన దేశమున ఈ విద్యకు శ్రీమతి కమలా నింబ్‌కర్ పునాది వేసిరి. 1950లో బొంబాయిలోని కె.ఇ.యం. ఆసుపత్రిలో ఆమె పూనికతో దీనికి తొలి శిక్షణ పాఠశాల ఏర్పడినది. 1952లో అఖిల భారత సంఘము వెలసినది. ఆరోగ్య అనుబంధ వృత్తులను గూర్చి పార్లమెంటు 2021లో చేసిన చట్టము ఈ వృత్తిని కూడ గుర్తించినది. పక్షవాతము, ఎముకల దెబ్బలు, పిల్లల ఎదుగుదల లోపములు మొదలగువానిలో ఈ నిపుణుల సేవ మన నగరములలో చాలమందికి పరిచితము. మధుమేహమునకు కూడ ఇది పనికివచ్చునన్న సంగతి ఇంకను తెలియవలసియున్నది.

అమెరికాలోని లాస్ ఏంజిలిస్ ప్రాంతమున జరిగిన ఒక పరిశోధన ఇందుకు నిదర్శనము. పదునెనిమిది మొదలు ముప్పది యేండ్లలోపు వయస్సు గల 81 మందిని, హెచ్చుగా పేద కుటుంబములవారిని, రెండు జట్లుగా చేసిరి. ఒక జట్టువారిని ఆక్యుపేషనల్ థెరపీ నిపుణులు ఆరు నెలలు కలిసికొని వారి దినచర్యను వారితోనే చర్చించి సరిదిద్దిరి. రెండవ జట్టువారికి సమాచార పత్రములు ఇచ్చి, ఫోనులో పలుకరించిరి. మూడు నెలల చక్కెర సరాసరిని తెలుపు హెచ్.బి.ఎ.1.సి. అను రక్తపరీక్షలో మొదటి జట్టువారి లెక్క 0.57 శాతము తగ్గినది. రెండవ జట్టువారిది 0.36 శాతము పెరిగినది. చక్కెర పరీక్షించుకొను అలవాటు మొదటి జట్టులో స్థిరపడినది. 2018లో ప్రకటింపబడిన ఈ ఫలితము చిన్న జట్టుపై వచ్చినదే యైనను ఆలోచింపదగినది. జాగ్రత్తలు చెప్పుట వేరు, అవి మనిషి దినములో ఇముడునట్లు చేయుట వేరు అని ఇది తెలుపుచున్నది.

మన యువకుని దినచర్య

ఇట్టి నిపుణుడు శనగ కోతకు పోయిన మన యువకుని కలిసికొన్నచో ఏమి చేయును? ముందు ఉపదేశము చేయడు; ప్రశ్నలు వేయును. ఏ గంటకు లేచుచున్నావు? సూది ఎచ్చట వేసికొనుచున్నావు? తొలి ముద్ద ఏ గంటకు? కోతరోజులకును, పనిలేని రోజులకును భేదమేమి? నీ జబ్బు సంగతి తోటివారిలో ఎవరికి తెలియును? దినమంతయు కాగితముపై గంటల వారీగా వ్రాసి, ఎచ్చట పొత్తు తప్పుచున్నదో యువకుడే కనుగొనునట్లు చేయును.

అప్పుడు మార్పులు చిన్నవిగా తోచును. పొలమునకు బయలుదేరకముందే జొన్నరొట్టెయో, ఉగ్గానియో తిని పోవుట. కష్టమైన పని గల రోజులలో ఇన్సులిన్ మోతాదు ఎట్లుండవలెనో వైద్యుని ముందుగా అడిగి వ్రాయించుకొనుట. చొక్కా జేబులో చక్కెర పొట్లము ఎల్లప్పుడు ఉంచుకొనుట. మేస్త్రీకిని, పక్క సాలు కోయు స్నేహితునికిని సంగతి చెప్పుట. పండ్లు తోముకొనుటతో జతచేసి చక్కెర పరీక్ష చేసికొనుట. ఇట్లు పాత అలవాటునకు కట్టిన కొత్త అలవాటు త్వరగా నిలుచును. స్నేహితులతో కల్లు, సారాయి త్రాగినచో చక్కెర కొన్ని గంటల తరువాత కూడ పడిపోవచ్చునని తెలిసికొనుట. ఉపవాస వ్రతములకును, రంజాను ఉపవాసములకును ముందుగా వైద్యుని సలహా పొందుట.

నరములు దెబ్బతిని పాదములు, వ్రేళ్లు మొద్దుబారినవారికి మరికొన్ని ఉపాయములు కలవు. ఒట్టికాళ్లతో పొలములో దిగరాదు. పత్తికట్టె మోడు గుచ్చుకొన్నను, నాపరాతి పెచ్చు గీచినను అట్టివారికి నొప్పి తెలియదు. పుండు ముదిరినపిమ్మటగాని కంటబడదు. కావున ప్రతిరాత్రి దీపపు వెలుతురులో అరికాళ్లు చూచుకొనవలెను. కొడవలి పిడికి గుడ్డచుట్టి లావుచేసినచో పట్టు చిక్కును. చూపు మందగించినవారు సూదిమందు గీతలు సరిగా చదువగలుగునట్లు వెలుతురు గల చోటు ఎంచుకొనవలెను. ఏడాదికొకసారి కన్ను, కాలు, మూత్రపిండముల పరీక్ష తప్పనిసరి.

పంచాయతీ వంతు

ఇట్టి నిపుణులు నేడు హెచ్చుగా పెద్ద నగరముల ఆసుపత్రులలోనే యున్నారు. పల్లెకు రావలెనన్న కాలము పట్టును. అయినను దినచర్యను సరిదిద్దు పనిలో పెద్దభాగము మందులతోడిది కాదు. నీడ, చల్లని చోటు, తిండి వేళ, తోటివారి తెలివిడి – ఇవి గ్రామము సమకూర్పగలిగినవే. 1993లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 73వ సవరణ ఆరోగ్యమును పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేర్చినది. కావున ఈ క్రింది పనులు మీ పరిధిలోనివే.

మొదటిది, ముప్పదియేండ్లలోపు మధుమేహము గలవారు గ్రామములో ఎందరున్నారో ఆశా కార్యకర్త, ఎ.ఎన్.ఎం. ద్వారా తెలిసికొనవలెను. పంచాయతీకి కావలసినది సంఖ్య, అవసరములు మాత్రమే. పేర్లు ఆరోగ్య సిబ్బందియొద్దనే యుండవలెను. గ్రామసభలో ఎవరి జబ్బును ప్రకటింపరాదు. ఒక ఆడపిల్ల పేరు పొరపాటున బయటపడినను మిగిలినవారందరు తమ సంగతి దాచుకొందురు.

రెండవది, ఇన్సులిన్ చల్లదనము. తెరువని సీసాలను 2 మొదలు 8 డిగ్రీల చలిలో ఉంచవలెను, గడ్డకట్టనీయరాదు. వాడుచున్న సీసాను నీడపట్టున, చల్లని చోట ఉంచి, సాధారణముగా నాలుగు వారములలో ముగింపవలెను. మన ప్రాంతమున వేసవి ఎండ 40 డిగ్రీలు దాటును. ఇంట ఫ్రిజ్ లేనివారు ఒక కుండలో మరొక చిన్న కుండ పెట్టి, నడుమ ఇసుక పోసి తడుపుచు, లోపలి కుండలో సీసాను తడి తగులకుండ మూతపెట్టి ఉంచుకొనవచ్చును. పొడి గాలి వీచు రాయలసీమలో ఈ పద్ధతి బాగుగా చల్లదనమిచ్చును. తెరువని సీసాలను గ్రామ ఆరోగ్య కేంద్రములోని ఫ్రిజ్‌లో ఉంచుటకు వీలగునేమో ఆరోగ్య సిబ్బందితో మాటలాడి ఏర్పాటు చేయవలెను.

మూడవది, పనిచోటు. ఉపాధి పనులు జరుగు చోట నీడ, త్రాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె ఉండునట్లు చూచునప్పుడు ఆ పెట్టెలో అరకిలో చక్కెర డబ్బాయొకటి చేర్చుడు. ఖర్చు స్వల్పము. ఎవరైనను నడుమ లేచి తినినచో మేస్త్రీ అడ్డుచెప్పకుండ చూడుడు. చెమట, వణుకు, తడబాటు కనబడినప్పుడు ఏమి చేయవలెనో మేస్త్రీలకు నేర్పింపుడు. తెలివియున్నచో మూడు చెంచాల చక్కెర ఇచ్చి పావుగంట చూచి, తగ్గనిచో మరల ఇయ్యవలెను. పిమ్మట అన్నము పెట్టవలెను. తెలివి తప్పినచో నోట ఏదియు పోయరాదు. ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టి 108 వాహనమునకు ఫోను చేయవలెను.

నాల్గవది, సూదులు. మన దేశమున మిల్లీలీటరుకు 40 యూనిట్లు గల ఇన్సులిన్ సీసాలకు ఎర్రమూత సిరంజిని, 100 యూనిట్లు గలదానికి నారింజరంగు మూత సిరంజిని వాడుదురు. ఇవి తారుమారైనచో మోతాదు రెండున్నర రెట్లు హెచ్చవచ్చును. కొనునప్పుడు సీసాపై అంకెను, సిరంజి మూతను సరిచూచుకొనవలెనని ఎ.ఎన్.ఎం. ఇంటివారికి చూపవలెను. వాడిన సూదులను చెత్తకుప్పలో వేసినచో పారిశుద్ధ్య కార్మికుల చేతులకు గ్రుచ్చుకొనును. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండినపిమ్మట ఆరోగ్య కేంద్రమునకు అప్పగించు ఏర్పాటు చేయవలెను.

ఐదవది, వైద్యునితో సంబంధము. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరములలో ఈ–సంజీవని ద్వారా దూరపు వైద్యులతో మాటలాడు వసతి కలదు. జాతీయ అవసర ఔషధముల జాబితాలో ఇన్సులిన్ చేరియున్నది. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. కోతల రోజున కూలి పోగొట్టుకొని పట్టణమునకు పోవుట పేదలకు కష్టము గనుక, ఆయా నెలలకు ముందే పరీక్షకు పోవుటకు ఆరోగ్య సిబ్బంది గుర్తుచేయవలెను. నవంబరు 14 బాంటింగ్ పుట్టినరోజు. ప్రపంచ మధుమేహ దినము. మనకది బాలల దినము కూడ. శనగ విత్తనము ముగియుచుండు ఆ దినములలో గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘము ఈ విషయమై సమావేశమగుట సమంజసము.

ఆరవది, తోడు. ఒకే జబ్బు గల ఇద్దరు ముగ్గురు యువకులు తమంతట తాము కలిసికొనుటకు ఇష్టపడినచో చోటు కల్పింపుడు. ఒకడు సూదిని ఎట్లు దాచక వేసికొనుచున్నాడో మరొకడు చూచి నేర్చుకొనును. తల్లిదండ్రులు, అత్తమామలు కూడ తెలిసికొనవలసినది చాల కలదు. మధుమేహము అంటువ్యాధి కాదు. అది గల యువతి వైద్యుని పర్యవేక్షణలో క్షేమముగా తల్లి కాగలదు. ఈ మాట సర్పంచి నోట వినబడినచో గోడమీది ప్రకటనకంటె హెచ్చుగా నాటును.

హద్దులు

పంచాయతీ చేయరాని పనులును కలవు. ఇన్సులిన్ మోతాదు హెచ్చించుమని, తగ్గించుమని, మానుమని ఎవరికిని చెప్పరాదు. వ్యాధి ఉన్నదను కారణముతో ఏ యువకునికిని పని నిరాకరింపరాదు. జాలిపడి పనికి దూరముగా కూర్చుండబెట్టుట కూడ ఉపకారము కాదు. ఈ చికిత్సకు మూలసూత్రమే మనిషి తన పని తాను చేసికొనగలుగుట.

వచ్చు శనగ కోతకు మన యువకుడు మరల పొలమునకు పోవలెను. తెల్లవారకముందే తిని, జేబులో చక్కెర పొట్లముతో, తోటివారికి తెలిసియే పోవలెను. నడుమ లేచి సద్ది విప్పినచో, “తిను నాయనా, నీ సాలు ఎచ్చటికి పోదు” అను పెద్ద ఒకరు గట్టున ఉండవలెను. ఆ ఒక్క మాట ఏ ఆసుపత్రియు ఇయ్యజాలదు, గ్రామము ఇయ్యగలదు.